మూడో లెక్క

బాబూరావు ల్యాబులో మైక్రోస్కోపు వెనక గోడకి ఒక అట్టముక్క అంటించి ఉండేది. దాని మీద గుండ్రటి అక్షరాలతో నీలవేణి ఇలా రాసి పెట్టింది: "తెల్లకణాలు రెండుసార్లు లెక్కపెట్టాలి. సగటు రాయాలి. రెండు లెక్కలకీ పదికి మించి తేడా వస్తే మూడో లెక్క తప్పదు." రాసిందీ ఆమే, రాసిన నాటి నుంచి మాట తప్పనిదీ ఆమే. ఆరేళ్ళలో ఒక్కసారి తప్పింది. ఆ ఒక్కసారి సంగతే ఇది.

ల్యాబంటే పెద్దదేం కాదు. అనకాపల్లి గవరపాలెంలో వాళ్ళింటి వీధిగది. రక్తం తీయడం, షుగరూ కామెర్లూ చూడడం బాబూరావు పని. మైక్రోస్కోపు మాత్రం భార్య నీలవేణిది. ఆమె బి.ఎస్సీ. జువాలజీ. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు ఊరికే కన్ను పెట్టి చూసి, అతను చూడకుండా వదిలేసిన మలేరియా పురుగుని పట్టుకుంది. "నా కళ్ళద్దాల కంటే నీ కళ్ళే నయమే" అని ఆ రోజే అతను స్టూలు ఖాళీ చేశాడు. అప్పట్నుంచి కుక్కర్ దించి, చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేది.

ఆమె కూర్చుందంటే అత్తగారు అప్పలకొండమ్మ వచ్చి మధ్యగుమ్మానికి చేరగిలబడేది. చదువు లేని మనిషి. రక్తంలో లెక్కపెట్టడానికి ఏముంటుందో ఆవిడకి ఎప్పటికీ అర్థం కాలేదు గానీ, లెక్క పూర్తయిన సంగతి మాత్రం కోడలి భుజాలు చూసి కనిపెట్టేది. వెంటనే అడిగేది, "ఏటే, ఎంతొచ్చింది?"

"ఏడువేల రెండొందలు అత్తయ్యా."

"మంచిదా, చెడ్డదా?"

"మంచిదే."

"అయితే సరే" అని లోపలికి పోయేది. ఎవరి రక్తమో, ఏ ఊరో ఆవిడకి అక్కర్లేదు. రోజుకి నాలుగైదు మంచివార్తలు వింటే చాలు, అన్నం సయించేది.

ఆ ల్యాబుకి కుక్కల రక్తం తెచ్చింది డాక్టరు త్రినాధరావు. పశువుల డాక్టరు. సాయంత్రాలు ఇంటి దగ్గర కుక్కల్నీ మేకల్నీ చూసేవాడు. ఊళ్ళో మిగతా ల్యాబుల వాళ్ళు "కుక్క రక్తమా!" అని నవ్వి పంపేస్తే ఇక్కడికొచ్చాడు. బాబూరావూ ఒప్పుకోలేదు. మనుషుల రక్తం చూసే బల్ల మీద కుక్క రక్తం పెట్టారని తెలిస్తే గుమ్మం తొక్కేవాడుంటాడా అన్నాడు. నీలవేణే మధ్యేమార్గం చెప్పింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ల్యాబు తలుపులు వేసుంటాయి కదా, ఆ వేళలో చూద్దాం, దానికి రక్తం కొలిచి పీల్చే గాజుగొట్టం, పిప్పెట్టు, వేరే పెడదాం అని. ఎర్రదారం కట్టిన పిప్పెట్టు కుక్కలది. రిజిస్టరు మాత్రం ఒకటే. పేరు, ఆడో మగో, వయసు అన్నీ వరసలో రాసేది. ఒకసారి ఎవరో రిపోర్టు కోసం వచ్చి రిజిస్టర్లోకి తొంగిచూసి, "టైగర్ ఎవరండీ, క్రిస్టియన్సా?" అని అడిగితే బాబూరావుకి దగ్గొచ్చి లోపలికి పారిపోయాడు.

లెక్కపెట్టే పద్ధతి ఇది. రక్తాన్ని ఒక మందునీళ్ళలో కలిపితే ఎర్రకణాలు కరిగిపోయి తెల్లవి మిగులుతాయి. పిప్పెట్టు బాగా కుదిపి, చాంబర్ అనే మందపాటి గాజుపలక మీద ఒక చుక్క వదలాలి. పలక మీద వట్టి కంటికి ఆనని గళ్ళు ఉంటాయి. నాలుగు మూలల గళ్ళలో ఉన్న కణాలన్నీ లెక్కపెట్టి యాభైతో హెచ్చిస్తే అసలు సంఖ్య. అంత చిన్న చుక్కలో ఒక్క కణం తేడా వస్తే కాగితం మీద యాభై తేడా. అందుకే ఆ అట్టముక్క.

రెండువేల ఆరు వేసవి. వాళ్ళింట్లో నాలుగు నెలల కుక్కపిల్ల ఉండేది. మునగపాక నుంచి రక్తపరీక్షలకి వచ్చే చెరుకురైతు అప్పలరమణ ఇచ్చాడు. వాళ్ళ పొలంలో బెల్లం వండే పాక వెనక తల్లికుక్క ఈనిందట. పొయ్యి మీద పొంగే పాకం రంగులో ఉందని పాకం అనే పేరు పెట్టింది అప్పలకొండమ్మే. మొదట్లో "కుక్కని ఇంట్లో పెట్టుకుంటారా, మడీ మైలా లేదా" అని గోల చేసిన మనిషి, నెల తిరిగేసరికి తన కంచంలో పెరుగన్నం ఆఖరి ముద్ద దానికోసం ఉంచేది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగని మనిషి దాని వెనక వీధి చివరిదాకా నడిచేది. దానికి టీకా ఒకటి పడింది. రెండోది పడాల్సిన వారంలో డాక్టరు దగ్గర మందు అయిపోయింది. నీలవేణి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, పక్కన "రాలేదు" అని రాసింది.

శుక్రవారం సాయంత్రం పాకం వాంతి చేసుకుంది. శనివారం పొద్దున్నకి నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోరు. త్రినాధరావు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "పార్వో అమ్మా" అన్నాడు.

పెరటి దండేనికి సెలైన్ సీసా కట్టి, ముందుకాలికి సూది గుచ్చి, నీలవేణితో విడిగా చెప్పాడు.

"ఈ వైరస్ పేగుల్తో ఆగదు. ఎముకలో రక్తం పుట్టే చోటు కూడా తినేస్తాది. తెల్లకణాలు అందుకే పడిపోతాయి. తొలిరోజు లెక్క చూసి బెంగ పెట్టుకోకండి. రెండోరోజుది ముఖ్యం. పైకి తిరిగిందా, నా సెలైనుతోనే గట్టెక్కుతాది. వెయ్యి కిందకి దిగిందా, ఒక్క గంట కూడా ఇక్కడుంచకండి. విశాఖపట్నంలో నా క్లాస్‌మేట్ ఉన్నాడు, పెద్దకుక్క రక్తం ఎక్కిస్తాడు. బతుకుతాదని రాసివ్వలేను. కానీ ఇక్కడ ఆ ఆశ కూడా లేదు."

"రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకెళ్ళిపోతే?"

"దారిలో కుదుపులకీ ఎండకీ పోయేవి చాలా చూసేను. అవసరం లేకుండా కదపకూడదు. పెద్ద ఊళ్ళలో ఇంకా ఏవేవో చూస్తారటమ్మా, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ప్రోటీనులూ అవీ. మనకున్నది మీ కళ్ళూ, ఆ గాజుముక్కా."

శనివారం మధ్యాహ్నం నీలవేణి లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగు, ముప్ఫై రెండు. సగటు ముప్ఫై మూడు. పదహారు వందల యాభై. మామూలుగా ఆరువేలకి తగ్గకూడదు.

"ఎంతొచ్చింది?"

"తక్కువే అత్తయ్యా. రేపటిదే అసలు లెక్కంట."

ఆ రాత్రి అప్పలకొండమ్మ నూకాలమ్మకి మొక్కుకుంది. ఏం మొక్కుకుందో చెప్పలేదు.

ఆదివారం బాబూరావు ఎలమంచిలిలో మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళూ, కుక్కపిల్లా. పొద్దున పేరు పెట్టి పిలిస్తే పాకం తోక కొన నేలమీద ఒక్కసారి ఆడింది. అప్పలకొండమ్మ అది చూసి కోడల్ని కేకేసి మరీ చూపించింది. ఒంటిగంటకి డాక్టరు వచ్చి రక్తం తీసి చిన్న సీసాలో పోసిచ్చి, ఇంకెక్కడో గేదె ఈనలేకపోతోందని హడావిడిగా వెళ్ళిపోయాడు. లెక్క చూసి ఫోన్ చేయమన్నాడు.

నీలవేణి తలుపులు వేసి, మైక్రోస్కోపు అద్దం కిటికీ వెలుగుకి తిప్పింది. ఎర్రదారం పిప్పెట్టు కుదిపింది. చాంబర్ నింపింది. మొదటి మూలలో ఆరు. రెండో మూలలో నాలుగు. మూడో మూలలో ఆరు. నాలుగో మూలలో ఐదు.

ఇరవై ఒకటి.

ఆమె కన్ను తీసి చాంబర్‌ని వెలుగులో పెట్టి చూసింది. అంచున గాలిబుడగ లాంటిదేదో ఉంది. ఉందనుకుంది. తుడిచేసింది. వెనక అప్పలకొండమ్మ గుమ్మానికి చేరగిలబడిన చప్పుడు వినిపించింది. పిప్పెట్టు తీసి గబగబా రెండోసారి నింపింది. ఈసారి గళ్ళు కళకళలాడుతూ కనిపించాయి. ఎనిమిది, పది, తొమ్మిది, పది. కొన్ని కణాలో మరకలో తేలక ఆగింది. ఆగి, వాటినీ కలిపింది.

ముప్ఫై ఏడు.

ఎదురుగా గోడ మీద అట్టముక్క ఉంది. తేడా పదహారు. మూడో లెక్క తప్పదు. పిప్పెట్టులో ద్రవం ఉంది, చేతిలో టైముంది, మరో ఐదు నిమిషాల పని.

"ఏటే, పెరిగిందా?" అంది వెనక నుంచి అత్తగారు. ఆ రోజు ఎంతొచ్చిందని అడగలేదు.

"పెరిగింది అత్తయ్యా."

మాట ముందొచ్చింది. చెయ్యి తర్వాత రాసింది, పద్దెనిమిది వందల యాభై అని. మొదటిదానిలో బుడగ ఉంది కదా, అది లెక్కలోకి రాదు అని తనకి తాను చెప్పుకుంది. ఫోన్లో త్రినాధరావు గట్టిగా నిట్టూర్చి, "బతికించేరు. అయితే కదపొద్దు. సెలైను ఆగకుండా చూసుకోండి" అన్నాడు. మిగిలిన రక్తం సీసాని రెండురోజులు దాచడం అలవాటు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. అప్పలకొండమ్మ పెరట్లో కుక్కపిల్ల చెవిలో, "పెరిగిందంటే, ఇన్నావా? పెరిగిందంట" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

సోమవారం తెల్లవారుజామున సెలైను బొట్టు ఆగిపోయిందని అప్పలకొండమ్మ పిలిచింది. ఆగింది సెలైను కాదు.

బాబూరావు రైలుకట్ట పక్క ఖాళీస్థలంలో గొయ్యి తీశాడు. అప్పలకొండమ్మ తన పాతచీర చింపి చుట్టి ఇచ్చింది. ఏడవలేదు. "పెరిగిందన్నారు కదా. మరేటయింది?" అని మాత్రం కొడుకునోసారి, కోడలినోసారి అడిగింది. పక్కింటామె వస్తే ఆమెనీ అడిగింది.

ఆ మధ్యాహ్నం నీలవేణి ఫ్రిజ్ తెరిచి సీసా తీసింది. పిప్పెట్టు నింపి, గడియారం చూసుకుంటూ పూర్తిగా మూడు నిమిషాలు కుదిపింది. మొదటి రెండు చుక్కలు దూదిమీద వదిలేసి తర్వాతి చుక్క వాడింది. ఇరవై. మళ్ళీ నింపింది. పద్దెనిమిది. మూడోది అక్కర్లేదు. సగటు పంతొమ్మిది. తొమ్మిది వందల యాభై.

వెయ్యి లోపు.

ముప్ఫై ఏడు ఎక్కడ్నుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. రెండోసారి పిప్పెట్టు కుదపలేదు. అడుక్కి దిగిన కణాలన్నీ ఒక్క చుక్కలో వచ్చాయి. పైగా మరకల్ని కలిపింది. కాలేజీ పిల్ల ప్రాక్టికల్స్‌లో ఈ తప్పు చేస్తే సున్నా వేస్తారు. చాంబర్ కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తిరిగొచ్చేది కాదు కదా అనుకుంది. రిజిస్టరు ఆ పేజీ దగ్గర తెరుచుకున్నప్పుడల్లా తిప్పేసేది.

తొమ్మిది రోజులు గడిచాయి. పదోరోజు మునగపాక నుంచి అప్పలరమణ యూరియా సంచిలో ఒక నల్లకుక్కని చుట్టుకుని త్రినాధరావు దగ్గరికి వచ్చాడు. పాకానికి తోడబుట్టినవాడు. పేరు కర్రోడు. చెరుకుతోటలో పందుల్ని తరమడానికి ఉంచుకున్నాడు. అదే వాసన, అవే విరేచనాలు. తొలిరోజు లెక్క నలభై ఒకటి, నలభై మూడు. ఇరవై ఒక్క వందలు. రెండోరోజు పదిహేడు, పంతొమ్మిది. తొమ్మిది వందలు.

ఆ మధ్యాహ్నం లెక్క కోసం డాక్టరు తనే స్కూటరు మీద వచ్చాడు. అప్పలరమణ సంచిని ఒళ్ళో పెట్టుకుని వీధిగది గడప మీద కూర్చున్నాడు. బాబూరావు కుర్చీలో ఉన్నాడు. అప్పలకొండమ్మ గుమ్మానికి చేరగిలబడి ఉంది గానీ, ఎంతొచ్చిందని అడగలేదు. పాకం పోయిన తర్వాత ఆవిడ ఏ లెక్కా అడగలేదు.

నీలవేణి కాగితం ఇచ్చింది. "తొమ్మిది వందలు. విశాఖ పంపాలి డాక్టరు గారూ."

త్రినాధరావు కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వద్దులెండమ్మా. ఇక్కడే సెలైను పెడదాం."

"వెయ్యి కిందకి దిగితే ఉంచొద్దన్నారు కదా?"

"అన్నాను. పాకాన్ని చూసేక ఆ మాట మీద నాకే నమ్మకం పోయింది. పద్దెనిమిది వందల యాభైకి పెరిగి కూడా పొద్దున్నకి పోయింది. పెరిగింది పోయినప్పుడు తగ్గింది బతకొచ్చు. ఈ లెక్కలు పుస్తకాల్లో బాగుంటాయి. ఎండలో ఆటోలో దీన్ని చంపడమెందుకు?"

"డాక్టరు బాబు సెప్పింది నిజమే" అన్నాడు అప్పలరమణ. "నా ఒళ్ళోనే పోనీండి. తోటలో పడుకోబెడతాను." అంటూనే సంచి మూతి కొంచెం తీసి, వేలితో కుక్క నోటి మీద వాలిన ఈగని తోలాడు.

"ఏం బావా, అప్పుడే తీర్మానం చేసేత్తావా" అన్నాడు బాబూరావు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నీలవేణి స్టూలు మీంచి లేచింది. బల్ల అంచు పట్టుకుంది.

"ఆ పద్దెనిమిది వందల యాభై తప్పు డాక్టరు గారూ."

"తప్పంటే?"

"నేను తప్పు రాసేను. మొదటి లెక్క ఇరవై ఒకటి వచ్చింది. రెండోది ముప్ఫై ఏడు. మూడోది పెట్టాలి. పెట్టలేదు. ఎక్కువొచ్చింది రాసేసేను. సోమవారం అదే రక్తం మళ్ళీ చూసేను. తొమ్మిది వందల యాభై. ఆదివారం కూడా అంతే ఉండుంటుంది. మీరు చెప్పిన మాట తప్పు కాదు. నా అంకె తప్పు."

త్రినాధరావు తిట్టలేదు. "ఆదివారం మధ్యాహ్నం గేదె పని అయ్యేక నేను ఖాళీగానే ఉన్నానమ్మా" అన్నాడు. అంతే. తర్వాత అప్పలరమణ వైపు తిరిగి, "లే, ఆటో పిలు. నేను ఫోన్ చేసి చెప్తాను. తడిగుడ్డ కప్పు, ఆపకుండా వెళ్ళండి" అన్నాడు. జేబులోంచి మడతకాగితం తీసి వెనక ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ఆటో వెళ్ళిపోయాక బాబూరావు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఎవరడిగేరే నిన్ను? కుక్కని పంపమని గట్టిగా చెప్తే సరిపోయేది. ఇప్పుడు ఆ డాక్టరు నాలుగిళ్ళలో అంటే మన రిపోర్టు ఎవడు నమ్ముతాడు?"

"నమ్మకపోవడమే న్యాయం" అంది నీలవేణి. రిజిస్టరు తీసి, ఆదివారం పేజీలో పద్దెనిమిది వందల యాభై మీద ఎర్రసిరాతో ఒకే గీత, కింది అంకె కనపడేలా గీసి, పక్కన తొమ్మిది వందల యాభై అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు.

అప్పలకొండమ్మ దెబ్బలాడలేదు. దెబ్బలాడితే బాగుణ్ణని నీలవేణి అనుకుంది. "కూర దించేసేవా", "నీళ్ళొచ్చేయి" లాంటి పనిమాటలే మాట్లాడేది. పెరట్లో పాకం తాగే సత్తుగిన్నె అన్నాళ్ళూ తిరగేసి ఉండేది. మర్నాడు పొద్దున్న అది కనపడలేదు.

మూడు వారాలకి అప్పలరమణ మోపెడ్ మీద వచ్చాడు. ముందు కాళ్ళ దగ్గర కర్రోడు, ఎముకలు తేలి, బొచ్చు రాలి, అయినా తల ఎత్తి నిలబడి ఉంది. చేతిలో బెల్లం ముద్ద, తాటాకులో చుట్టింది.

"బతికేడమ్మా! ఐదురోజులుంచేరు. ఓ పెద్ద అల్సేషన్‌ది రక్తం ఎక్కించేరు. ఇప్పుడీడు సగం అల్సేషన్. తోటలో పందులకి ఇంగ్లీషులో మొరుగుతున్నాడు" అని నవ్వాడు. బాబూరావూ నవ్వాడు.

అప్పలకొండమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. కుక్క ఆవిడ చెయ్యి వాసన చూసి నాకింది. ఆవిడ దాని తల మీద చెయ్యి వేసి, చెవులు, మెడ, వెన్ను దాకా మెల్లగా నిమిరింది. అప్పలరమణ వెళ్ళాక కూడా అక్కడే కూర్చుంది.

"అయితే మనదీ బతికేది" అంది కాసేపటికి.

నీలవేణి పక్కనే నిలబడి ఉంది. బతికేదని ఎవరూ చెప్పలేరు. ఇది దాంతో పుట్టిందే అయినా ఒళ్ళు గట్టిది, ఆరుబయట పెరిగింది, రెండు కుక్కల్ని చూసి తేల్చే మాట కాదు. తనకి తెలిసినంతలో నిజం ఒక్కటే.

"చెప్పలేం అత్తయ్యా."

అప్పలకొండమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

"సెప్పలేవా?" అంది కోడలి మొహం చూడకుండా. "పెరిగిందని ఆ రోజు ఎంత బాగా సెప్పేవే."

లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాడుగుల నుంచి జ్వరంతో వచ్చిన ఒక మనిషి రక్తం చూడాల్సి వచ్చింది. నీలవేణి చాంబర్ నింపి లెక్కపెట్టింది. నూట పన్నెండు. మళ్ళీ నింపింది. నూట పదిహేను. తేడా మూడే. అయినా తుడిచి, పిప్పెట్టు కుదిపి, మూడోసారి నింపింది. "కరెంటు పోతాది, తొందరగా కానీయ్" అన్నాడు బాబూరావు. నూట పద్నాలుగు. అన్నీ రాసి, సగటు కట్టి, పెన్ను కింద పెట్టింది.

ఎప్పటిలా భుజాలు వదులు చేసుకుని, గుమ్మం వైపు చూడకుండా, కాసేపు అలాగే కూర్చుంది. లోపల్నుంచి గిన్నెల చప్పుడు వస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కాగితం మడిచి, ఆ మనిషి పేరు మీద రాసి, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళకి ఇవ్వడానికి లేచింది.